వాంతులు ఆగని గర్భిణికి ఇక్కడి డే కేర్ ఎలా ఉందంటే

బెంగళూరు కగ్గదాసపుర మెయిన్ రోడ్డు వదిలి లోపలికి వస్తే ఉండే ఈ చిన్న నర్సింగ్ హోమ్‌లో మూడు వారాల్లో ఆరుసార్లు సెలైన్ ఎక్కించుకున్నాను. మొదటిసారి వచ్చినప్పుడు నాకు తొమ్మిదో వారం.

అంతకుముందు వేరేచోట చూపించుకున్నాను. రోజుకు పదిహేనుసార్లు వాంతులు, గుక్కెడు నీళ్ళు కూడా కడుపులో నిలవట్లేదని చెబితే, "వేవిళ్ళు అందరికీ ఉంటాయమ్మా, అల్లం టీ తాగు" అని పంపేశారు. బరువైనా చూడలేదు. ఊరి నుంచి ఫోన్ చేసినవాళ్ళందరిదీ అదే మాట. మా అత్తయ్య ఒక్కరే, "ఇవి వేవిళ్ళలా లేవురా, పిల్ల కళ్ళు లోపలికి పోయాయి" అని మా ఆయన్ని కోప్పడి మరీ ఇక్కడికి పంపించారు.

ఇక్కడ రాగానే బరువు చూశారు. నెల తప్పినప్పుడు 56 కిలోలు, ఆ రోజు 51న్నర. తర్వాత యూరిన్. సిస్టర్ స్ట్రిప్ ముంచి నా ఎదురుగానే పట్టుకున్నారు. లేత రంగులో ఉన్న చిన్న గడి చూస్తుండగానే గులాబీ రంగుకు తిరిగి, కాసేపటికి వంకాయ రంగులో ఆగింది. "కీటోన్లు. తిండి లేక ఒళ్ళు కొవ్వును కరిగించుకుంటోంది" అన్నారు డాక్టర్ గారు. బరువు ఐదు శాతం పైన తగ్గి, కీటోన్లు కూడా కనబడితే వాటిని మామూలు వేవిళ్ళు అనుకోకూడదట, హైపరెమెసిస్ గ్రావిడారమ్ అంటారట. నేను అతి చేయట్లేదని ఇన్నాళ్ళకు ఒకరు చెప్పారని ఏడుపొచ్చేసింది.

"గ్లూకోజ్ ఎక్కిస్తే సరిపోతుందా మేడమ్?" అని మా ఆయన అడిగారు. మన ఇళ్ళల్లో అందరం అనేదే కదా. ఆమె కూర్చోబెట్టి చెప్పారు. వారాల తరబడి తిండి నిలవకపోతే ఒంట్లో బి1 విటమిన్ అడుగంటిపోతుంది, అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉందట. అందుకే ముందు థయమిన్, అంటే ఆ బి1, ఇచ్చి, ఆపైన ఉప్పు సెలైన్ పెట్టారు. రక్తపరీక్షలో పొటాషియం తగ్గిందని తేలాక అది కూడా కలిపి, చాలా నెమ్మదిగా ఎక్కించారు. వాంతులు తగ్గడానికి రాత్రిపూట డాక్సిలమిన్, బి6 కలిసిన మాత్ర. అది చాలకపోతే ఆన్‌డాన్‌సెట్రాన్ రాశారు. దానితో మలబద్ధకం వస్తుందని ముందే చెప్పారు, వచ్చింది కూడా.

పెద్ద సిస్టర్‌ది ముళబాగిలు. ఆ కోలారు తెలుగు వింటుంటే సగం నీరసం పోయేది నాకు. ఒళ్ళు ఎండిపోయి నరం దొరకట్లేదు. ఆమె నా చేతిమీద వేడినీళ్ళ సంచి పెట్టి, పది నిమిషాలు ఆగి, చెయ్యి మంచం కిందికి వేలాడేయమని, ముంజేతి పక్కన ఒక్క పోటుతో కాన్యులా పెట్టేశారు. ఫినాయిల్ వాసనకి వాంతి వస్తోందని చెబితే, మర్నాటి నుంచి నేను వచ్చే వేళకి ఆ గది తుడవొద్దని ఆయమ్మకి చెప్పారు. నాకు ఇదే అన్నిటికంటే పెద్ద వైద్యం అనిపించింది.

మా అమ్మ రోజూ ఫోన్‌లో "మనసు గట్టి చేసుకో" అనేది. ప్రేమతోనే అనేది, కానీ నేను తెచ్చిపెట్టుకున్నట్టు వినిపించేది. డాక్టర్ గారే ఫోన్ తీసుకుని అమ్మతో తెలుగులో మాట్లాడారు. మావి (ప్లాసెంటా) నుంచి వచ్చే జీడీఎఫ్15 అనే హార్మోన్ దీనికి ముఖ్య కారణమని, గర్భానికి ముందు ఒంట్లో అది తక్కువగా ఉన్నవాళ్ళు ఒక్కసారిగా పెరిగితే తట్టుకోలేరని, 2023లో పరిశోధన వచ్చిందని వివరించారు. అమ్మ మళ్ళీ ఆ మాట అనలేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. మంచాలు మూడే. గోడ అవతల క్యాంటీన్, పదకొండింటికి పోపు వేశారంటే బేసిన్ చేత్తో పట్టుకోవాల్సిందే. బిల్లు దగ్గర ఒకసారి నలభై నిమిషాలు నిలబెట్టారు, కళ్ళు తిరుగుతున్నాయన్నా కుర్చీ ఇచ్చినవాళ్ళు లేరు. మా ఇన్సూరెన్స్ దీనికి వర్తించలేదు, ఒక్కోసారికి మందులతో 2,000 దాకా చేతి డబ్బే అయింది.

ఇప్పుడు పదహారో వారం. రెండుపూటలా పెరుగన్నం నిలుస్తోంది. బరువు 53.

వెళ్ళేవాళ్ళు ఉదయం ఎనిమిదికే వెళ్ళి కిటికీ పక్క మంచం అడగండి. ఆదివారం డే కేర్ ఉండదు. శనివారం యూరిన్ తగ్గి ముదురు రంగులో వస్తుంటే సోమవారం దాకా ఆగకండి, ఆ రోజే వెళ్ళిపోండి.