చలికి గడ్డకట్టిన కాలికి ఏది మేలు: బుఖారీ (గదిని వేడెక్కించే పొయ్యి) సెగా, గోరువెచ్చని నీళ్లా, అలాగే నడిపించడమా?

గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో శిక్షణ పూర్తిచేసిన హైదరాబాద్ కుర్రాడికి చలి అంటే జనవరి తెల్లవారుజామున 10, 12 డిగ్రీలు. లదాఖ్ సైనిక పోస్టులో మైనస్ 15 ఉండి, గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి అది మైనస్ 26లా తగులుతుంది. వేళ్లు ముందు నొప్పెడతాయి, తర్వాత మొద్దుబారి మైనంలా తెల్లబడతాయి. నొప్పి పోయిందని సంతోషిస్తే అక్కడే మోసపోతాం.

అప్పుడు మనవాళ్లకు తట్టేది కాపడం, లేదంటే నూనె రాసి రుద్దడం. ఇక్కడ రెండూ చెరుపే. కణాల మధ్య మంచు స్ఫటికాలు కట్టిన చర్మాన్ని రుద్దితే కణజాలం నలిగి చీరుకుపోతుంది. మంచుతో రుద్దమనే పాత సలహా మరీ అన్యాయం. బంకర్లో బుఖారీ పక్కన కాలు చాపితే స్పర్శ లేని చర్మం కాలుతున్నా తెలియదు. పైగా ఒకవైపు మాడుతుంది, రెండోవైపు గడ్డగానే ఉంటుంది.

గోరువెచ్చని నీళ్లే మేలు, కానీ కొలత తప్పకూడదు: 37 నుంచి 39 డిగ్రీలు. మెడికల్ షాపులో దొరికే డిజిటల్ జ్వరం థర్మామీటర్ దీనికి సరిపోతుంది. అది లేకపోతే పసిబిడ్డ స్నానపు నీళ్లకు చూసినట్టు మోచేత్తో చూడాలి, అదీ చలి దెబ్బ తగలని మనిషి మోచేత్తో. బూటు, సాక్సు తీసి, చేతికైతే ఉంగరాలు కూడా తీసి, బకెట్ అడుగుకూ అంచుకూ తగలకుండా ముంచాలి. నీళ్లు గబగబా చల్లారతాయి. కాలు బయటికి తీసి, వేడినీళ్లు పోసి, కలిపి, మళ్లీ కొలిచాకే ముంచాలి. చర్మం మెత్తబడి ఎర్రగానో ఊదాగానో మారేదాకా, సుమారు 15 నుంచి 30 నిమిషాలు పడుతుంది. అప్పుడొచ్చే నొప్పి భరించలేనంతగా ఉంటుంది. వైద్యం తెలిసినవాళ్లు ముందే ఐబుప్రొఫెన్ ఇస్తారు. తుడవకుండా గాలికి ఆరనిచ్చి, వేళ్ల మధ్య గాయాలకు వాడే పొడి గాజ్‌గుడ్డ పెట్టి, వదులుగా కట్టి, కాలు ఎత్తులో ఉంచాలి. రక్తపు బొబ్బల్ని ముట్టుకోకూడదు.

అయితే పోస్టు నుంచి ఇంకా నడిచి దిగాల్సి ఉంటే ఈ నీళ్లే ముప్పు. కరిగిన కాలు మళ్లీ గడ్డకడితే రక్తనాళాల లోపలి పొర దెబ్బతిని, గడ్డలు కట్టి రక్తం అందదు; మొదటిసారి కంటే ఎక్కువ కండ పోతుంది. అందుకే మళ్లీ గడ్డకట్టదన్న హామీ లేనప్పుడు గడ్డకట్టిన కాలితోనే నడిపించడం మేలు. వినడానికి క్రూరంగా ఉంటుంది, నిజమే. దారిలో తనంతట తాను కరిగితే మాత్రం ఆపడానికి ప్రయత్నించకూడదు. లోతైన దెబ్బకు రక్తపు గడ్డ కరిగించే మందు 24 గంటల్లోపు, రక్తనాళాలను వెడల్పు చేసే ఐలోప్రాస్ట్ మందు 72 గంటల్లోపు మొదలైతేనే వేళ్లు దక్కే అవకాశం బాగుంటుంది. హెలికాప్టర్ కోసం తొందర అందుకే.

ఇంత దూరం రాకుండా చూసుకోవడంలో వేళ్లన్నీ కలిసుండే మిటెన్ గ్లవ్స్ కంటే వెచ్చన. సన్న గ్లవ్స్ లోపల, మిటెన్ పైన వేసుకుంటే ట్రిగ్గర్ పనీ నడుస్తుంది. ఒట్టిచేత్తో లోహాన్నీ, కిరోసిన్‌నూ తాకకూడదు. ఇంట్లోవాళ్లు కోఠీలో కొని పంపే మందపాటి ఉన్ని సాక్సు మంచిదే కానీ, బూటులో వేళ్లు ఆడేంత చోటుంటేనే రెండో జత. బిగిస్తే రక్తం ఆగి, ఒక జతతో రాని దెబ్బ రెండు జతలతో వస్తుంది. చెమటతో తడిసిన సాక్సు వెంటనే మార్చాలి, సిగరెట్ మానాలి.