ఊలా, కాటనా, అక్రిలిక్కా? ముగ్గురికి మూడు అల్లికలు

ప్రస్తుతం బెంగళూరులో మా ఇంట్లో సూదుల మీద మూడు ఉన్నాయి. సోఫా పక్కన బుట్టలో అత్తయ్య కోసం స్వెట్టరు. ఆఫీసు బ్యాగులో అన్నయ్య కొడుకు కోసం టోపీ. బీరువాలో చీరల వెనక, తమ్ముడికి పుట్టబోయే బిడ్డ కోసం దుప్పటిగా మొదలైనది ఒకటి. మూడోది ఎందుకు దాచానంటే, పుట్టకముందు బిడ్డకి ఏదీ కొనకూడదు, కుట్టకూడదు అంటుంది మా అమ్మ. అల్లకూడదని ఎవరూ అనలేదు కదా అని వాదించొచ్చు. అమ్మ ముందు ఆ వాదన రెండు నిమిషాలు కూడా నిలవదు.

సంక్రాంతికల్లా మూడూ చేతికిచ్చేయాలని దసరాకి మొదలుపెట్టాను. డిజైన్లు పది నిమిషాల్లో తేలిపోయాయి. దేనితో అల్లాలన్న దగ్గరే వారం పట్టింది. మనవాళ్ళకి షాపులో ఉండలు చుట్టి అమ్మే మెత్తటి దారం ఏదైనా ఊలే. నిజానికి అందులో ఎక్కువ భాగం అక్రిలిక్. గొర్రెకీ దానికీ ఏ సంబంధమూ లేదు, పెట్రోలియం నుంచి తీసిన పోగు. అదేమీ తప్పు కాదు, పాతికేళ్ళుగా నేనూ అదే అల్లుతున్నాను. కానీ ఎవరికి ఏది ఇస్తున్నామో తెలిసి ఇవ్వాలి.

ఇది నాకు ఒక దెబ్బ తిన్నాక గానీ తెలియలేదు. మూడేళ్ళ క్రితం మా ఆడపడుచు కొడుక్కి మెరీనో జాతి గొర్రెల మెత్తటి ఊలుతో స్వెట్టరు అల్లాను. ఛాతీ మీద జడల డిజైను, రెండు నెలల పని. నెల తిరక్కుండా ఫోన్: "వదినా, వాషింగ్ మెషీన్‌లో వేశా. ఇప్పుడు వాడి టెడ్డీబేర్‌కి సరిపోతోంది." ఆవిడ నవ్వుతోంది. నేనూ నవ్వాను, ఫోన్ పెట్టాక కాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. గొర్రె బొచ్చు పోగు మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి. వేడినీళ్ళు, సబ్బు, గిరగిరా తిప్పడం, ఈ మూడూ కలిస్తే పొలుసులు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుపోయి మళ్ళీ విడివడవు. మన గొంగళి గట్టిపడేదీ ఆ గుణం వల్లే. కాబట్టి తప్పు ఆవిడది కాదు. ఇద్దరు చిన్నపిల్లలున్న ఇంట్లో స్వెట్టరుని విడిగా చన్నీళ్ళలో నానబెట్టి, పిండకుండా తువ్వాల్లో చుట్టి, నీడలో పరిచి ఆరబెట్టేది ఎవరు? అప్పట్నుంచీ నేను కొలతలకంటే ముందు అడిగేది, ఆ ఇంట్లో బట్టలు ఎవరు ఉతుకుతారని.

ఆ లెక్కన చూస్తే ఈసారి నా ఎంపిక తలకిందులుగా వచ్చింది. మంచు కురిసే ఊరికి అక్రిలిక్, బెంగళూరుకి అసలు ఊలు.

అమెరికాలో, బఫెలోలో ఎమ్మెస్ చదువుతున్న అన్నయ్య కొడుకుది తేలిగ్గా తేలిన కేసు. అక్కడి చలికి ఊలే సరైనది, సందేహం లేదు. తడిసినా వెచ్చగానే ఉంటుంది, అక్రిలిక్ అలా ఉండదు. కానీ వాడు పదిహేను రోజులకోసారి జీన్సులు, దుప్పట్లు, సాక్సులు అన్నీ ఒకే మెషీన్‌లో కుక్కి, తర్వాత డ్రయ్యర్‌లో పడేసే రకం. పొలుసులు అణిచేసి మెషీన్‌కి తట్టుకునేలా తయారుచేసిన సూపర్‌వాష్ ఊలు ఉంది. దాని ధర చూసి, వాడు ఇంతవరకు బస్సుల్లో పోగొట్టుకున్న టోపీల సంఖ్య గుర్తు తెచ్చుకుని, పేజీ మూసేశాను. వంద గ్రాముల అక్రిలిక్ ఉండ ఒకటి, ముదురు నీలం. పోతే ఇంకోటి అల్లుతా.

ఈ టోపీ ఆఫీసు బస్సులో అల్లుతున్నాను. పొడుగు సూదులా, గుండ్రటి సూదులా అని అడిగేవాళ్ళు ఒక్కసారి సిల్క్ బోర్డ్ జంక్షన్ దగ్గర సాయంత్రం ఆరింటికి కిక్కిరిసిన బస్సులో కూర్చుని చూడాలి. పద్నాలుగు అంగుళాల సూదులైతే ప్రతి కుట్టుకీ మోచెయ్యి పక్కావిడకి తగులుతుంది. రెండు పొట్టి సూదుల్ని వైరుతో కలిపిన గుండ్రటి సూది ఒళ్ళోనే ఉంటుంది, కిందపడి సీట్ల మధ్య దొర్లదు, టోపీకి వెనక అతుకు కూడా రాదు. బస్సు వరకు రెండోదే మేలు, చర్చ లేదు. సూది నంబర్లతో మాత్రం జాగ్రత్త. మన షాపుల్లో పాత బ్రిటిష్ లెక్క నడుస్తుంది: నంబరు పెరిగేకొద్దీ సూది సన్నం. 8 నంబరంటే 4 మిల్లీమీటర్లు. అమెరికా లెక్కలో అదే 8 అంటే 5 మిల్లీమీటర్లు. నేను అమెరికా పాటర్న్ చూసి, ఇక్కడి 8 నంబరుతో 30 వరసలు అల్లేశాక తలకి పెట్టుకుంటే కొబ్బరికాయకి సరిపోయేలా ఉంది. విప్పి, 112 కుట్లతో నా లెక్క నేనే వేసుకున్నాను. అందుకే ఎవరడిగినా నంబరు వదిలేసి మిల్లీమీటర్లే చెప్తాను.

అసలు తర్జనభర్జన అంతా అత్తయ్య స్వెట్టరు దగ్గర.

ఆవిడ తెనాలి మనిషి, డెబ్భై దాటాయి. మామయ్య పోయాక మా దగ్గరికి, మారతహళ్ళికి వచ్చేశారు. సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల పైన ఉన్న ఊరు ఇది. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున పదిహేను డిగ్రీల దగ్గర ఉంటుంది. ఢిల్లీవాళ్ళు నవ్వుతారు గానీ, అయిదింటికి లేచి చన్నీళ్ళ స్నానం చేసి, గ్రానైట్ బండ మీద కూర్చుని దీపం పెట్టే మనిషికి అది చలే.

మొదట శాలువా అనుకున్నాను. శాలువాకి కొలతల బాధ లేదు, చంక దగ్గర తగ్గించడాలు, చేతులు అతకడాలు లేవు, టీవీ చూస్తూ అల్లొచ్చు. ఒక రోజు ఉదయం ఆవిడ్ని గమనించాను. వంగి ఒత్తి సర్దుతుంటే ఒంటి మీదున్న పాత శాలువా భుజం నుంచి జారి, కుందికి జానెడు దూరంలో ఆగింది. అది అక్రిలిక్ శాలువా. అక్రిలిక్ మంట తగిలితే కరుగుతుంది, కరిగి ఒంటికి అంటుకుంటుంది. ఊలు అంత తొందరగా అంటుకోదు, అంటుకున్నా కరగదు. ఆ క్షణమే రెండు ప్రశ్నలూ తేలిపోయాయి: శాలువా కాదు, అక్రిలిక్ కాదు. తల మీదుగా తొడిగేదైతే ముడి చెదురుతుంది, చీర మీద అసలు కుదరదు. అందుకని ముందు గుండీలు, ముంజేతి సగం వరకే ఉండే బిగుతు చేతులు.

మా ఆయన సలహా వేరు. "చలికాలం వస్తే టిబెటన్లు రోడ్డు పక్కన పెట్టి అమ్ముతారుగా, నాలుగొందలకి వస్తుంది." వస్తుంది. మా ఆయనకి అదే కొన్నాను.

అత్తయ్యది ఇంకో ప్రశ్న. "అమ్మాయ్, ఇది అసలు ఊలేనా? కాకపోతే పూజలో నాకు పనికిరాదు." వాళ్ళమ్మగారు మడికి ధావళి కట్టుకునేవారట. ధావళి అంటే ముతక ఊలు బట్ట. ఊలుకీ పట్టుకీ మైల అంటదని ఆ ఇళ్ళల్లో లెక్క. నేను చిక్‌పేట సందులో ఒక షాపులో "ప్యూర్ ఉల్లన్ మేడమ్" అని తెలుగులోనే బేరమాడి ఇచ్చిన ఉండలు తెచ్చాను. మీద లేబుల్ లేదు, మాట మీదే నమ్మాను.

సింకు దగ్గర ఇద్దరం నిలబడి పరీక్ష పెట్టాం. అంగుళం పోగు కత్తిరించి, కనుబొమల ప్లకర్‌తో పట్టుకుని అగ్గిపుల్ల అంటించాను. నల్లగా ముడుచుకుపోయింది, చివర గట్టి పూసలా తయారైంది. చల్లారాక గోటితో నొక్కితే చిదగలేదు. ప్లాస్టిక్ కాలిన వాసన. అత్తయ్య ఏమీ అనలేదు, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. పక్కనే నా పాత మెరీనో మిగులు పోగు ఒకటి కాల్చాను. సన్నగా సుర్రుమని, మంట తీయగానే ఆరిపోయింది. మిగిలిన మసి వేళ్ళ మధ్య పొడి అయిపోయింది. వంటిల్లంతా జుట్టు కాలిన వాసన. "ఆఁ, ఇదీ ధావళి వాసన," అన్నారావిడ. కాటన్ కూడా చూద్దామన్నారు, ఉత్సాహం వచ్చేసింది. అది కాగితంలా మండి బూడిద మిగిల్చింది.

లేబుల్ మీద నూరు శాతం ఊలు అని అచ్చేసి ఉన్నది మళ్ళీ కొన్నాను. మూడు రెట్లు ఖరీదు. అక్కడ పొదుపు చేయబోయి అయిదు ఉండలే తీసుకున్నాను, రెండో చెయ్యి మోచేతి దగ్గరే అయిపోయాయి. ఆరోది తెస్తే అదే రంగు, అదే పేరు, కానీ రంగు అద్దిన విడతకి వేసే లాట్ నంబరు వేరు. ట్యూబ్‌లైట్ కింద తేడా తెలీదు, బాల్కనీలో ఎండలో పెడితే గీత గీసినట్టు కనిపించింది. రెండు చేతుల్నీ మోచెయ్యి దాకా విప్పి, కొత్త ఉండని అంచులకీ, గుండీల పట్టీకీ మాత్రమే వాడాను. అక్కడ ఎలాగూ అల్లిక తీరు మారుతుంది కాబట్టి కన్ను పట్టదు. మీరు మాత్రం ఒక ఉండ ఎక్కువే కొనండి, మిగిలితే టోపీ అవుతుంది. ఉతకడం సంగతంటారా, అత్తయ్య తన బట్టలు తనే ఉతుక్కుంటారు, చన్నీళ్ళలో, చేత్తో. మెషీన్‌ని ఆవిడ నమ్మరు. ఊలుకి ఇంతకంటే మంచి ఇల్లు దొరకదు.

ఇక బీరువాలో దాచింది. తమ్ముడు వాళ్ళది విజయవాడ. డిసెంబరు ఆఖరుకి డెలివరీ అన్నారు. ఊలు అక్కడ మార్చి దాటితే ముట్టుకోబుద్ధి కాదు. బేబీ ఊలు పేరుతో అమ్మేది కూడా చాలావరకు అక్రిలిక్కే. మెత్తగా ఉంటుంది గానీ చెమట పీల్చదు, బిడ్డ మెడ కింద పొక్కుతుంది. కాబట్టి కాటన్. కాటన్‌కీ వంకలున్నాయి: సాగితే సాగినట్టే ఉండిపోతుంది, తడిస్తే బరువు, ఊలులా వేళ్ళకి లొంగదు, గంట అల్లితే బొటనవేలు నొప్పి. అంచులకి ఒక సైజు సన్నం సూది వాడితే సాగడం కొంత తగ్గుతుంది.

నేను తప్పు చేసింది దారంలో కాదు, దుప్పటి అనుకోవడంలో. 75 సెంటీమీటర్ల వెడల్పు, 90 పొడవు. పది సెంటీమీటర్లకి 22 కుట్లు, 28 వరసలు. అంటే 165 కుట్లు, 252 వరసలు, మొత్తం 41,580 కుట్లు. నా చెయ్యి నిమిషానికి ఇరవై వేస్తుంది. దాదాపు ముప్ఫై అయిదు గంటలు. అదే 72 కుట్ల పసిబిడ్డ టోపీ అయితే రెండున్నర వేల కుట్లు, రెండు గంటలు. సరే, ప్రేమకి గంటలు లెక్కపెట్టకూడదనుకుందాం. కానీ మొదటి ఏడాది నిద్రపోయే పసిబిడ్డ పక్కన వదులు దుప్పట్లు పెట్టొద్దని డాక్టర్లు చెప్తున్నారు. మిగిలింది కింద పరచడం. దానికి పాత నేత చీరలు నాలుగు మడతలేసి కుట్టిన బొంతని మించింది ఈ భూమ్మీద లేదు. అమ్మ దగ్గర మా ఇద్దరికీ కుట్టిన బొంత ఇంకా ఉంది. దానితో నేను పోటీ పడను.

టోపీకైతే పోటీ లేదు. విజయవాడలో మే నెలలో కూడా పసివాళ్ళ చెవుల్లో గాలి దూరుతుందనే పెద్దవాళ్ళుంటారు, మా అమ్మే మొదటి వరసలో. నిద్రలో తీసేయమని మరదలికి విడిగా చెప్తాను. బయటికి తీసుకెళ్ళేటప్పుడు, చిల్లుల డిజైను కాటన్ టోపీ ఇద్దరికీ రాజీ.

కొక్కెంతో అల్లే క్రోషే అయితే ఇంకా త్వరగా అవుతుంది కదా అనొచ్చు. మా అమ్మది పాలకొల్లు వైపు. నరసాపురం లేసు చుట్టూ పెరిగిన ఊళ్ళు అవి. ఆ అల్లిక అక్కడికి 1844 ప్రాంతంలో మిషనరీలతో వచ్చిందంటారు, 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా వచ్చింది. కొక్కెం చేతికిస్తే అమ్మ మాట్లాడుతూనే టీవీ కవరు పూర్తి చేస్తుంది. కొక్కెం మీద ఒక్క కుట్టే ఉంటుంది కాబట్టి జారినా నష్టం లేదు, సూదుల మీద కుట్టు జారితే కింద దాకా నిచ్చెన దిగినట్టు దిగుతుంది. గుమ్మం తోరణానికి, బొమ్మలకి, టేబుల్ మీద గుడ్డకి క్రోషేదే పైచెయ్యి. కానీ క్రోషే బట్ట కాస్త బిగుసుకుని ఉంటుంది, తలతో పాటు సాగదు. నెలనెలా పెరిగే తలకి సూదుల అల్లికే. అంచుకి సన్నటి లేసు అమ్మ చేత వేయించుకుంటే బాగుండును. అడగాలంటే చెప్పాలి, చెప్తే బిడ్డ పుట్టేదాకా అల్లనివ్వదు.

మొన్న ఆదివారం దుప్పటి విప్పేశాను, పద్నాలుగు సెంటీమీటర్లు. దారం నూడుల్స్‌లా వంకర్లు తిరిగింది. చిలపగా, అంటే వదులు చుట్టగా చుట్టి, తడిపి, ఆరేశాను. నిన్న రాత్రి 72 కుట్లు ఎక్కించి ఎనిమిది వరసలు అల్లాను. మధ్యలో అమ్మ వీడియో కాల్ చేసి, "చేతిలో తెల్లగా అదేంటే?" అంది.

కాటనేగా, వంటింట్లోకి మసిగుడ్డ అల్లుతున్నానన్నాను.