కాలేజీకీ ఆటకీ ఒకే ల్యాప్‌టాప్: బరువైన గేమింగ్ యంత్రమా, పలుచని దానా? ఏది మేలు?

ఈ ఏడాది మా ఇంట్లో ఒకేసారి రెండు ల్యాప్‌టాప్‌లు కొనవలసి వచ్చింది. మా అమ్మాయి రోజూ చెన్నై శివారు క్రోంపేటలో లోకల్ రైలెక్కి గిండీ వెళ్లి కంప్యూటర్ సైన్స్ చదువుతోంది. నెల్లూరు నుంచి వచ్చిన మా అన్నయ్య కొడుకు కాట్టాంకొళత్తూరు దగ్గర హాస్టల్లో ఉండి మెకానికల్ చదువుతున్నాడు. ఇద్దరికీ ఆటల పిచ్చి ఉంది. ఇద్దరికీ కలిపి చేతిలో ఉన్నది లక్షన్నర. "అత్తా, ఒకే రకం రెండు గేమింగ్ ల్యాప్‌టాప్‌లు తీసుకుందాం, బేరం కూడా కుదురుతుంది" అన్నాడు మేనల్లుడు. నేను ఒప్పుకోలేదు. ఇరవై ఏళ్లుగా కంప్యూటర్లతోనే పని చేస్తున్నాను కాబట్టి పట్టుదలగానే కాదన్నాను. ఇద్దరి చదువులూ వేరు, ఇద్దరి దారులూ వేరు.

ల్యాప్‌టాప్ కొనబోయే పిల్లలు ముందుగా అడిగేది "ఇందులో ఫలానా ఆట నడుస్తుందా?" అని. అంతకంటే ముందు అడగవలసినది ఒకటుంది: ఈ యంత్రం రోజులో ఎక్కువసేపు ఎక్కడ ఉంటుంది, భుజాన వేలాడే సంచిలోనా, గదిలో బల్ల మీదా?

గేమింగ్ ల్యాప్‌టాప్ బరువు సాధారణంగా రెండుంబావు నుంచి రెండున్నర కిలోలు. దాని అడాప్టర్ మరో అర కిలో పైనే తూగుతుంది. పలుచని ల్యాప్‌టాప్ కిలోంబావు, కిలోన్నర మధ్య ఉంటుంది, అరవై అయిదు వాట్ల చిన్న టైప్-సి ఛార్జరుతో సరిపోతుంది. కాగితం మీద ఈ తేడా చిన్నదే అనిపిస్తుంది. పొద్దున ఎనిమిదింటికి తాంబరం నుంచి చెన్నై బీచ్ స్టేషన్‌కు వెళ్లే రైల్లో నిలబడి, అన్నం డబ్బా, రికార్డు పుస్తకాలు, వానాకాలమైతే గొడుగు కూడా మోస్తున్న పిల్లకు అది చిన్న తేడా కాదు. వారం రోజులు మోసి, ఆ తర్వాత దాన్ని ఇంట్లోనే వదిలి వెళ్తుంది. అప్పుడు క్లాసులో ప్రోగ్రాం రాయడానికి పక్కవాళ్ల తెరలోకి తొంగిచూడాలి.

బ్యాటరీ సంగతీ అంతే. గేమింగ్ ల్యాప్‌టాప్‌లో పెద్ద బ్యాటరీయే ఉంటుంది, కానీ లోపలి భాగాలు దాన్ని తాగేస్తాయి. మామూలు టైపింగుకు నాలుగైదు గంటలు వస్తే సంతోషించాలి. మంచి పలుచని ల్యాప్‌టాప్ ఎనిమిది గంటలు లాగుతుంది. ఇంకో మాట కొనేవాళ్లకు తెలియాలి. ఛార్జరు తీసేస్తే గేమింగ్ ల్యాప్‌టాప్ తన పూర్తి బలంతో ఆడదు. ఆట బొమ్మలను గీసే గ్రాఫిక్స్ చిప్ అడిగినంత కరెంటును బ్యాటరీ ఇవ్వలేదు కాబట్టి వేగం తగ్గించుకుంటుంది, గంట తిరిగేసరికి ఖాళీ అవుతుంది. ఎక్కడ పడితే అక్కడ ఆడుకోవచ్చన్న ఆశతో దాన్ని కొనకూడదు. ఆడేది గోడకున్న ప్లగ్గు పక్కనే.

ఇక ఆటల సంగతి. మా అమ్మాయి ఆడేది వాలరెంట్, కౌంటర్‌స్ట్రైక్ 2. వాలరెంట్‌కు కావలసిన కనీస గ్రాఫిక్స్‌గా దాని తయారీదారులు చెప్పినది 2012 నాటి ఇంటెల్ హెచ్‌డి 4000. అంత తేలికైన ఆట అది. ఇప్పటి ప్రాసెసర్లలోనే కలిసి వచ్చే ఏఎండి రేడియన్ 780ఎం, ఇంటెల్ ఆర్క్ వంటి గ్రాఫిక్స్ మీద అది హాయిగా నడుస్తుంది. కౌంటర్‌స్ట్రైక్ 2 కాస్త బరువైనది, అయినా సెట్టింగులు తగ్గించి ఆడుకోవచ్చు. ఈ రెండింటి కోసం ప్రాసెసర్‌తో కలవకుండా వేరే చిప్‌గా వచ్చే విడి గ్రాఫిక్స్ కార్డు కొనడం అనవసరమని నా గట్టి నమ్మకం.

ఇక్కడే చాలామంది మోసపోయే చోటు ఒకటుంది. ప్రాసెసర్‌లో కలిసి ఉన్న గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, మామూలు ర్యామ్‌నే పంచుకుంటుంది. దుకాణంలో తక్కువ ధరకు దొరికే ల్యాప్‌టాప్‌లో చాలాసార్లు ఒకే ర్యామ్ ముక్క పెట్టి ఇస్తారు. డీడీఆర్5-5600 రకం ఒక ముక్క సెకనుకు 44.8 జీబీ సమాచారాన్ని మోస్తుంది. రెండు ముక్కలు పెడితే 89.6. అదే ప్రాసెసర్, అదే ఆట, కానీ ఒక్క ముక్కతో ఆట కళ్ల ముందే తడబడుతుంది. 16 జీబీ అని రాసి ఉంటే చాలదు, అది 8+8 గా ఉందా అని అడగాలి. ర్యామ్‌ను బోర్డుకే అతికించేసిన నమూనాల్లో తర్వాత పెంచుకునే వీలుండదు. నా పాత ల్యాప్‌టాప్ అలాంటిదే, 8 జీబీతో ఇరుక్కుపోయి మూడేళ్లకే మూలపడింది. పలుచని యంత్రాల్లో ఈ రకం ఎక్కువ, అందుకే మొదటే 16 జీబీ తీసుకోవాలి.

"కృత్రిమ మేధ కోర్సుకు ఎన్విడియా కంపెనీ గ్రాఫిక్స్ కార్డు తప్పదట" అని మా అమ్మాయి స్నేహితులు చెప్పారు. గ్రాఫిక్స్ కార్డుతో లెక్కలు చేయించే 'కుడా' (CUDA) అనే సాఫ్ట్‌వేర్ ఎన్విడియా మీదే నడుస్తుందన్నది నిజమే. కానీ డిగ్రీ స్థాయి పాఠాలకు బ్రౌజర్ నుంచే గూగుల్ కంప్యూటర్ల మీద ప్రోగ్రాములు నడపనిచ్చే గూగుల్ కొలాబ్‌లో ఉచితంగా ఇచ్చే టీ4 కార్డుకే 16 జీబీ మెమరీ ఉంది. ల్యాప్‌టాప్‌లో వచ్చే ఎన్విడియా కార్డు ఆర్‌టీఎక్స్ 4050 లో ఉన్నది 6 జీబీ. కొలాబ్‌లో ఆ కార్డు అడిగిన ప్రతిసారీ దొరకదు, కాసేపు ఆగవలసి వస్తుంది. ఆ కాసేపటి కోసం రోజూ మూడు కిలోలు మోయమని నేను ఏ పిల్లకూ చెప్పను.

మేనల్లుడి లెక్క వేరు. వాడు సాలిడ్‌వర్క్స్‌లో యంత్ర భాగాలు గీయాలి, అన్సిస్‌లో వాటి మీద ఒత్తిడి ఎంత పడుతుందో చూడాలి. సాలిడ్‌వర్క్స్‌కు విండోస్ తప్పదు, అన్సిస్ విద్యార్థి వెర్షన్ కూడా విండోస్ కోరేదే. భాగాలన్నీ కలిపి బిగించిన పెద్ద అసెంబ్లీని తెర మీద తిప్పి చూసేటప్పుడు విడి గ్రాఫిక్స్ కార్డు నిజంగా పనికొస్తుంది. వాడు ఆడేవి కూడా విశాలమైన లోకాలున్న బరువైన ఆటలు. యంత్రం హాస్టల్ బల్ల మీదే ఉంటుంది, పొరుగు భవనంలోని క్లాసుకు ఎప్పుడో ఒకసారి తీసుకెళ్తాడు. వాడికి గేమింగ్ ల్యాప్‌టాపే మేలు.

అయితే కార్డు పేరు చూసి డబ్బు కట్టకూడదు. ఆర్‌టీఎక్స్ 4060 అనే ఒకే పేరుతో ఉన్న చిప్‌ను ఒక కంపెనీ 35 వాట్లతో, మరొకటి 115 వాట్లతో నడపవచ్చు. ఆ మధ్యలో ఎంత పెట్టుకోవాలో తయారీదారు ఇష్టం. తక్కువ వాట్ల 4060, పూర్తి వాట్ల 4050 కంటే మెరుగని నమ్మడానికి వీల్లేదు. తయారీదారు వెబ్‌సైట్‌లో ఆ నమూనా పేజీలో ఈ సంఖ్య చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఓపికగా వెతకాలి. మెమరీ కూడా చూడాలి: 4050 కు 6 జీబీ, 4060 కు 8, తర్వాత వచ్చిన 5050 కు కూడా 8. నాలుగేళ్లు వాడాలనుకుంటే 8 జీబీ ఉన్నదే నా ఎంపిక.

చెన్నైలో ఉండేవాళ్లు వేడిని విడిగా తలుచుకోవాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మా నెల్లూరులో అంటారు, ఇక్కడ మే నెలలో అదే ఎండకు సముద్రపు ఉక్క తోడవుతుంది. ఏసీ లేని హాస్టల్ గదిలో ముప్పై అయిదు డిగ్రీల గాలినే పీల్చి లోపలి చిప్‌లను చల్లబరచాలి ఆ ఫ్యాన్లు. చిప్ వంద డిగ్రీల దగ్గరకు చేరగానే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఎక్కువ నమూనాలు గాలిని అడుగు నుంచి లాగుతాయి. మంచం మీద, పరుపు మీద పెట్టి ఆడితే ఆ రంధ్రాలు మూసుకుపోతాయి. వెనుక భాగాన్ని రెండు అంగుళాలు ఎత్తి పెట్టినా తేడా తెలుస్తుంది. ఫ్యాన్ల మోత విషయం గదిలో తోడుండే పిల్లవాడితో ముందే మాట్లాడుకోమని మేనల్లుడికి చెప్పాను, రాత్రి పదకొండుకు ఆ హోరు నిద్ర పట్టనివ్వదు. రోజంతా ప్లగ్గులోనే ఉంటుంది కాబట్టి ఛార్జింగ్‌ను ఎనభై శాతం దగ్గర ఆపే సెట్టింగు పెట్టుకుంటే బ్యాటరీ ఎక్కువ కాలం మన్నుతుంది.

మ్యాక్‌బుక్ ఎయిర్ సంగతి కూడా ఇంట్లో చర్చకు వచ్చింది. పదమూడు అంగుళాలది 1.24 కిలోలే, ఫ్యాన్ లేదు, బ్యాటరీ అద్భుతం. కానీ వాలరెంట్ గానీ కౌంటర్‌స్ట్రైక్ 2 గానీ మ్యాక్‌కు లేవు, సాలిడ్‌వర్క్స్ కూడా లేదు. ఆటలు అక్కర్లేని కంప్యూటర్ సైన్స్ పిల్లలకు అది చక్కని యంత్రం. మా ఇద్దరికీ కాదు.

పలుచని ల్యాప్‌టాప్ ఇప్పుడు కొని, ఇంట్లో ఒక డెస్క్‌టాప్ తర్వాత పెట్టుకోవడం మూడో దారి. ఇంటి నుంచి కాలేజీకి వెళ్లేవాళ్లకు నేను మనస్ఫూర్తిగా చెప్పేది ఇదే. ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ చిప్ దాదాపు ఎప్పుడూ బోర్డుకు అతికే ఉంటుంది, పాతబడితే మార్చలేం. డెస్క్‌టాప్‌లో అయిదేళ్ల తర్వాత కార్డు ఒక్కటే మార్చుకోవచ్చు. హాస్టల్ పిల్లలకు ఈ దారి లేదు, బల్ల మీద చోటే ఉండదు.

కొనడానికి మౌంట్ రోడ్డు పక్కనున్న రిచీ స్ట్రీట్‌కు ముగ్గురం వెళ్లాం. ఆన్‌లైన్‌లో ధర తక్కువగా కనిపించినా తెరను కళ్లతో చూడాలని నా పంతం. ఎన్‌టీఎస్‌సీ, ఎస్ఆర్‌జీబీ అనేవి తెర ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలతలు; 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని రాసి ఉన్న తెర మీద రంగులు వెలిసిపోయి ఉంటాయి, పక్కన వంద శాతం ఎస్ఆర్‌జీబీ తెర పెట్టి చూపించమంటే ఎవరికైనా తెలుస్తుంది. కీబోర్డు మీద పది వాక్యాలు టైపు చేసి చూడాలి. పెట్టె మీది సీరియల్ నంబరును కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి, వారంటీ ఎప్పుడు మొదలైందో అక్కడే నిలబడి చూసుకోవాలి. బిల్లు కొనేవాళ్ల పేరు మీదే రాయించుకోవాలి.

అమ్మాయికి 780ఎం గ్రాఫిక్స్, రెండు ర్యామ్ ముక్కలు ఉన్న 1.4 కిలోల ల్యాప్‌టాప్ అరవై వేల లోపు వచ్చింది. మేనల్లుడికి పూర్తి వాట్ల 4060 తీసుకుంటే తొంభై వేలు దాటింది. ఆ పైన పడినది వాడు తన స్కాలర్‌షిప్ డబ్బుతో కలిపాడు. డెస్క్‌టాప్ కోసం మా అమ్మాయి ఈ నెల నుంచే ట్యూషన్లు చెప్పి డబ్బు దాచుకుంటోంది.