ముందు పళ్ల సందుకు, విరిగిన అంచుకు ఏది మేలు: బాండింగా, వెనీరా, క్యాపా?

అసలు తేడా పన్ను ఎంత అరగదీస్తారన్న దగ్గరే ఉంది. బాండింగ్ అంటే పంటి రంగు ముద్దను (కాంపోజిట్) నేరుగా పన్నుకు అతికించడం, దానికి దాదాపు ఏమీ తీయరు. వెనీర్ అంటే పంటి ముందు వైపు అతికించే పల్చని పింగాణీ పొర, దానికి ముందు వైపు అర మిల్లీమీటరు, అటూ ఇటూగా. పన్నంతా కప్పే తొడుగైన క్యాప్‌కైతే చుట్టూ మిల్లీమీటరు పైన, కొన దగ్గర 2 మి.మీ. దాకా పోతుంది. పోయిన ఎనామెల్ (పంటి గట్టి పైపొర) మళ్లీ రాదు.

అందుకే 2 మి.మీ. లోపు సందుకూ, చిన్న విరుగుకూ ముందు బాండింగే అడగండి. సందును రెండు పళ్లకూ సగం సగం పంచాలి. ఒక్కదానికే పెంచితే అది పలకలా కనిపిస్తుంది. రంగు ఎంచేది కుర్చీలో కూర్చున్న వెంటనే, పన్ను తడిగా ఉన్నప్పుడు. నోరు తెరిచి కాసేపు ఉంటే పన్ను ఆరి తెల్లబడుతుంది. ఆ తెలుపుకు కలిపిన కాంపోజిట్ మర్నాడు అతుకులా తేలుతుంది. తర్వాత పన్ను గరుకై పట్టు దొరికేలా 37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్ 15 నుంచి 30 సెకన్లు పెట్టి, కడిగి, ఆరబెట్టి, బాండ్ (అతికించే జిగురు) పూసి, కాంపోజిట్‌ను 2 మి.మీ. మించని పొరలుగా పెట్టి నీలి లైటుతో గట్టిపరుస్తారు. మధ్యలో ఉమ్మి తగిలిందా, ఏదో ఒక రోజు జొన్నరొట్టెతో పాటే ఊడొస్తుంది.

అనంతపురం పల్లెల్లో ఇంకో చిక్కు ఉంది. ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్ల పళ్ల మీద గోధుమ చారలుంటాయి. ఆ ఎనామెల్ పైపొర యాసిడ్‌కు ఓ పట్టాన లొంగదు. కడిగి ఆరబెట్టాక సుద్దలా తెల్లగా కనిపించకపోతే బాండ్ పట్టనట్టే. పైపొర సన్నగా గీకి, యాసిడ్ ఇంకాసేపు ఉంచాలి. మరక పైపైనే ఉంటే మైక్రోఅబ్రేషన్‌తోనే (పైపొరను సన్నగా రుద్ది తీయడం) చాలావరకు పోతుంది. లోతుగా దిగితే వెనీర్ మేలు. అదీ మరీ పల్చనైతే చార కిందినుంచి కనిపిస్తుంది.

వెనీర్‌కు టీ మరక పట్టదు, పదేళ్లు దాటి నిలుస్తుంది. బాండింగ్ ఐదారేళ్లకు మరమ్మతుకొస్తుంది, కానీ పెచ్చు లేస్తే అదే పూట అతికించొచ్చు. వెనీర్ పగిలితే చాలాసార్లు కొత్తదే. చెనక్కాయలు పంటితో ఒలిచేవాళ్లకూ, నిద్రలో పళ్లు నూరేవాళ్లకూ అది డబ్బు దండగ.

క్యాప్ మాటకొస్తే, పన్ను సగానికి పైగా విరిగి రూట్ కెనాల్ కూడా అయినప్పుడే. పదిహేనేళ్ల పిల్లలకు పంటి లోపలి నరం గది పెద్దది. అరగదీస్తూ పోతే నరానికే తగలొచ్చు.

పెద్దయ్యాక కొత్తగా సందు పడితే మాత్రం చిగుళ్ల జబ్బు చూపించుకోండి. కదిలే పన్నుకు ఏది అతికించినా నిలవదు. సందు 3 మి.మీ. దాటినా, నాలుగైదు పళ్ల మధ్య ఉన్నా క్లిప్పులే దారి. కడప ప్రభుత్వ డెంటల్ కాలేజీలో అడిగి చూడొచ్చు.