కళ్ళాపి చల్లే ట్రామా, సాన పట్టే ట్రామా: ఏది మేలు?

ఇంగ్లండ్‌లోని డార్బీషైర్ కొండల్లో, క్రిచ్ అనే ఊరి దగ్గర, ఒక పాత సున్నపురాయి క్వారీలో ట్రాముల మ్యూజియం ఉంది. ట్రామంటే నగర వీధుల్లో పట్టాల మీద నడిచే బండి. మూలపడుతున్న ట్రాములను కాపాడుకోవాలని 1955లో సంఘంగా ఏర్పడిన అభిమానులకు 1959లో ఈ చోటు దొరికింది. ఇప్పుడు అక్కడ సుమారు మైలు పొడవు పట్టాల మీద పాత ట్రాములు తిరుగుతాయి. వచ్చినవాళ్లు ముందుగా రంగురంగుల రెండంతస్తుల బండ్ల చుట్టూ మూగుతారు. నా మనసు మాత్రం ప్రయాణికులను ఎక్కించుకోని రెండు బండ్ల మీద ఉంటుంది. ఒకటి కార్డిఫ్ నగరపు 131 నంబరు బండి, రెండోది షెఫీల్డ్ నగరపు 330 నంబరు బండి. పట్టాలను నీళ్లతో కడగడానికి మొదటిది, సాన పట్టడానికి రెండోది.

ఏది మేలో తేల్చాలంటే ముందు పట్టాకు వచ్చే జబ్బులు తెలియాలి. వీధి ట్రామ్ పట్టా రైలు పట్టాలా నేల పైకి లేచి ఉండదు. రోడ్డులోనే పాతుకుని, పక్కన సన్నని గాడితో ఉంటుంది. చక్రం అంచు ఆ గాడిలో దిగి నడుస్తుంది. గుర్రపు బండ్ల కాలంలో దుమ్ము, మట్టి, పేడ అన్నీ వచ్చి ఆ గాడిలోనే చేరేవి. నాలుగు రోజులు ఎండ కాస్తే అదంతా పిడచకట్టుకుపోయేది. చక్రం దాని మీదికి ఎక్కితే బండి పట్టా తప్పే ప్రమాదం ఉంది. ఇంకో చిక్కు కరెంటుది. పై తీగలోంచి దిగిన కరెంటు మోటార్లను తిప్పి, చక్రాల గుండా పట్టాల్లోంచే వెనక్కి పోవాలి. చక్రానికీ పట్టాకూ మధ్య మట్టి పొర అడ్డుపడితే బండి కుదుపులతో నడుస్తుంది, ఒక్కోసారి ఆగిపోతుంది.

ఈ జబ్బుకు 131 మందు. లఫ్‌బరోలోని బ్రష్ సంస్థ దీన్ని 1905లో తయారుచేసింది. సీట్లు ఉండవలసిన చోట నీళ్ల ట్యాంకు. మన వాకిట్లో కళ్ళాపి చల్లితే దుమ్ము అణిగినట్టే, ఇది వెళ్లిన వీధిలో దుమ్ము అణిగేది, గాడి మెత్తబడేది. కార్డిఫ్‌లో ట్రాములు 1950 వరకు నడిచాయి. అప్పటికి రోడ్లకు తారు పడింది, గుర్రాలు తగ్గాయి, నీళ్ల బండి అవసరమూ తగ్గింది.

రెండో జబ్బు నీళ్లకు లొంగదు. చక్రాలు దొర్లగా దొర్లగా పట్టా తల మీద సన్నని అలలు పడతాయి. దూరం నుంచి కనిపించవు, కానీ వేలు పెట్టి రాస్తే గరుకైన మెట్లలా తగులుతాయి. వాటి మీద బండి పోతుంటే వీధంతా హోరెత్తుతుంది. ప్రతి చక్రమూ ఆ గుంటలను ఇంకాస్త లోతు చేసిపోతుంది కాబట్టి వదిలేస్తే ముదిరేదే తప్ప తగ్గేది కాదు. బండి కింద సానరాళ్లను పట్టాకు అదిమి, పదేపదే అటూ ఇటూ నడిపి అలలను అరగదీయడమే దారి.

330 చేసిన పని అది. అయితే అది ఆ పనికోసం పుట్టలేదు. 1920 ప్రాంతంలో బ్రాడ్‌ఫర్డ్ నగరం కోసం తయారైన ప్రయాణికుల ట్రామ్ అది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1940 డిసెంబరు బాంబు దాడుల్లో షెఫీల్డ్ తన ట్రాములు కొన్నింటిని పోగొట్టుకుంది. ఆ కొరత తీరడానికి బయటి ఊళ్ల నుంచి పాతవి కొన్నది. 1943లో బ్రాడ్‌ఫర్డ్ నుంచి వచ్చిన పదింటిలో ఇదొకటి. బ్రాడ్‌ఫర్డ్ పట్టాల మధ్య ఎడం 4 అడుగులే, షెఫీల్డ్‌లో 4 అడుగుల 8½ అంగుళాలు. కాబట్టి కింది భాగం మార్చకుండా అది షెఫీల్డ్ వీధిలో అడుగు పెట్టలేదు. అక్కడ కొన్నేళ్లు జనాన్ని మోసింది. 1950ల మొదట్లో పై అంతస్తు తీసేసి, దాన్ని సాన బండిగా మార్చారు. 1960 అక్టోబరులో షెఫీల్డ్ ట్రాములు ఆగిపోయాక క్రిచ్ చేరింది.

రోజుకు వందల బండ్లు తిరిగే నగరానికి నిస్సందేహంగా 330 లాంటిదే మేలు. దుమ్మును చీపురుతోనైనా ఊడ్చుకోవచ్చు, ఇనుములో పడ్డ అలలను ఊడ్చలేం. క్రిచ్ లాంటి చోట మాత్రం నా తీర్పు తిరగబడుతుంది. అక్కడ బండ్లు తక్కువ, వేగమూ తక్కువ. చెట్ల ఆకులు, మట్టి, బండ్లు తిరగని రోజుల్లో పట్టే తుప్పు, వీటి బెడదే ఎక్కువ. పైగా సాన పట్టిన ప్రతిసారీ పట్టా కొంత అరిగిపోతుంది. గాడి పట్టాలు ఈ రోజుల్లో అంత తేలిగ్గా దొరికే సరుకు కాదు. అందుకని అక్కడ కడగడం ముందు, సాన తప్పనప్పుడే.

రెండింటిలో ఒక్కదాన్నే కాపాడుకోగలం అని ఎవరైనా అంటే మాత్రం నేను 330నే ఎంచుకుంటాను. నీళ్ల ట్యాంకును మళ్లీ చేయించుకోవచ్చు. రెండు నగరాలు, రెండు కొలతల పట్టాలు, ఒక యుద్ధం చూసిన బండిని ఎవరు చేసివ్వగలరు? మీరు క్రిచ్ వెళ్తే ట్రామ్ ఎక్కేముందు ఒక్కసారి వంగి పట్టాను చూడండి. గాడిలో మట్టి ఉందా, తల నున్నగా మెరుస్తోందా?