టోర్‌కు సాయం: స్నోఫ్లేకా, రిలేయా?

అమలాపురంలోనో భీమవరంలోనో ఇంట్లో ఫైబర్ నెట్ ఉండి, ఎవరు ఏ సైటు చూస్తున్నారో బయటపడకుండా దాచే టోర్ నెట్‌వర్క్‌కు చేతనైన సాయం చేద్దామనుకుంటే రెండు దారులున్నాయి.

స్నోఫ్లేక్ తేలిక. ఫైర్‌ఫాక్స్‌లోనో క్రోమ్‌లోనో ఎక్స్‌టెన్షన్ వేసుకుని ఆన్ చేస్తే చాలు. టోర్‌ను అడ్డుకునే ఇరాన్, రష్యా లాంటి చోట్ల ఉన్నవాళ్లు మీ బ్రౌజర్ మీదుగా టోర్‌లోకి వెళ్తారు. వాళ్లు చూసే సైట్లకు మీ ఐపీ అడ్రస్ (నెట్‌లో మీ కనెక్షన్ చిరునామా) కనబడదు కాబట్టి టెన్షన్ లేదు. మధ్యలో కరెంటు పోయినా కొంపేం మునగదు, వాళ్లకు మీలాంటి ఇంకో మధ్యవర్తి (ప్రాక్సీ) దొరుకుతుంది.

రిలే, అంటే టోర్ ట్రాఫిక్‌ను అందుకుని ముందుకు పంపే కంప్యూటర్, అలా కాదు. రాత్రీపగలూ నడవాలి, అటూ ఇటూ కనీసం సెకనుకు 10 మెగాబిట్ల వేగం ఉండాలి, బయటినుంచి నేరుగా అందే ఐపీ కావాలి. ఇంటి కనెక్షన్లలో చాలావాటికి ఒకే పబ్లిక్ ఐపీని ఎంతోమందికి పంచుతారు. బండి అక్కడే ఆగిపోతుంది. పైగా రిలేల ఐపీల జాబితా అందరికీ కనిపిస్తుంది, కొన్ని సైట్లు వాటిని బ్లాక్ చేస్తాయి. ఆ తిప్పలు ఇంట్లోవాళ్ల ఫోన్లకూ తప్పవు. ఎగ్జిట్ రిలే (టోర్ నుంచి సైట్లకు వెళ్లే చివరి మజిలీ) అయితే ఇంట్లో వద్దే వద్దు: ఎవరో చేసిన పనికి ఫిర్యాదు మీ మీదికొస్తుంది.

నా ఓటు ఇంటికి స్నోఫ్లేక్‌కే. నెలనెలా కాస్త ఖర్చు పెట్టగలిగితే, సర్వర్ అద్దెకు తీసుకుని మిడిల్ రిలే (సైట్లను నేరుగా తాకని మధ్య మజిలీ) పెట్టండి. అన్నట్టు, 2022 మేలో కోనసీమలో చేసినట్టు నెట్టే ఆపేస్తే ఈ రెండూ ఏమీ చేయలేవు.