మారతహళ్ళిలో కెర్నల్ రస్ట్ తరగతి: సరిహద్దు పాఠం గట్టిది, ప్యాడింగ్ పాఠం పలుచన

బెంగళూరు మారతహళ్ళిలో, సి భాషలో డ్రైవర్లు (హార్డ్‌వేర్‌ను నడిపే ప్రోగ్రాములు) రాస్తున్న తెలుగువారి కోసం తెలుగులోనే నడుస్తున్న ఒక వారాంతపు తరగతికి ఈమధ్య హాజరయ్యాను. లైనక్స్ కెర్నల్‌లోకి, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగంలోకి, రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష 2022 డిసెంబరులో 6.1 వెర్షన్‌తోనే వచ్చినా, సి, రస్ట్ కలిసే సరిహద్దులో ఇంకా విలువ పెట్టని మెమరీతో ఎలా మెలగాలో వరుసగా చెప్పేవారు అరుదు కాబట్టి, ఈ సమీక్షను ఆ ఒక్క అంశానికే పరిమితం చేస్తున్నాను.

బోధకులు విషయాన్ని అందుకోవలసిన చోటే అందుకున్నారు. కెర్నల్‌లో మెమరీ కేటాయించే కేమాలక్ ఫంక్షన్ ఇచ్చిన మెమరీలో పాత బైట్లు మిగిలి ఉండవచ్చునని, వాటిని చదవనంతకాలం నష్టం లేదని సి రాసేవారికి అలవాటైన ఆలోచన. రస్ట్‌లో అలా కుదరదు. బూల్ (నిజం/అబద్ధం విలువ) అంటే సున్నా లేదా ఒకటి మాత్రమేనని, రిఫరెన్స్ (మరో విలువ ఉన్న చోటును చూపేది) ఎన్నడూ నల్, అంటే ఖాళీ చిరునామా, కాదని కంపైలర్ నమ్మి కోడ్‌ను మలుస్తుంది; మామూలు పూర్ణాంకాన్ని సైతం విలువ పెట్టకముందే విలువగా తీసుకుంటే ఆ ప్రోగ్రాము ఎలా ప్రవర్తిస్తుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. 2019లో రస్ట్ 1.36తో స్థిరపడిన మేబీఅన్‌ఇనిట్ అనే రకం, విలువ సిద్ధమయ్యేవరకు ఆ నమ్మకాన్ని ఆపి ఉంచుతుంది. సి ఫంక్షన్‌కు దాని పాయింటర్‌ను ఇచ్చి, తిరిగివచ్చిన ఎర్రర్ కోడ్‌ను చూడకుండానే విలువ సిద్ధమైందని కంపైలర్‌కు మాటిచ్చే అస్యూమ్_ఇనిట్‌ను పిలవడం తెల్లకాగితం మీద సంతకం పెట్టడమే. అందుకే కోడ్‌లో అలాంటి ప్రతి పిలుపుకూ పైన, అది ఎందుకు సురక్షితమో చెప్పే సేఫ్టీ వ్యాఖ్యలో, సి ఫంక్షన్ స్ట్రక్ట్‌లోని ఏ ఫీల్డులను (భాగాలను) నింపుతుందో, విఫలమైతే వేటిని వదిలేస్తుందో అందరిచేతా రాయించారు. ఈ తరగతిలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ క్రమశిక్షణే.

మ్యూటెక్స్ (డేటాను ఒకసారికి ఒకరే వాడేలా చూసే తాళం) పాఠం కూడా అంతే పకడ్బందీగా సాగింది. సి మ్యూటెక్స్‌లోని వెయిట్ లిస్ట్ (తాళం కోసం ఆగినవాటి జాబితా) ఖాళీగా ఉన్నప్పుడు తన చిరునామానే తనలో దాచుకుంటుంది కనుక, దానిని ఫంక్షన్ తాత్కాలిక మెమరీ అయిన స్టాక్ మీద సిద్ధంచేసి ఆపైన మరోచోటికి జరిపితే లోపలి పాయింటర్లు పాత చోటునే చూపిస్తూ ఉంటాయి. అందువల్ల అది ఉండబోయే చోటనే దానిని సిద్ధం చేయాలి. రస్ట్‌లో ఆ పని చేసిపెట్టే పిన్-ఇనిట్ మాక్రోలు పుట్టింది ఇందుకే. మూడవ ఫీల్డులో కావాలని ఎర్రర్ తెప్పించి, అప్పటికే సిద్ధమైన మొదటి రెండూ డ్రాప్ కావడాన్ని (పద్ధతిగా విడుదల కావడాన్ని) క్యూఈఎంయూ అనే ఎమ్యులేటర్‌లో చూపించిన అభ్యాసం చాలా బాగుంది.

అయితే సందేహం వచ్చిన ప్రతిచోటా మెమరీని సున్నా చేస్తే సరిపోతుందన్నట్టు మాట్లాడటం నాకు మింగుడుపడలేదు. సున్నా బైట్లు పూర్ణాంకానికి చెల్లుతాయి, రిఫరెన్స్‌కు చెల్లవు. ఈ తేడాను రకం స్థాయిలోనే పట్టుకోవడానికి జీరోయబుల్ ట్రెయిట్ (ఒక రకానికి ఫలానా గుణం ఉందని కంపైలర్‌కు తెలిపే గుర్తు) ఉండగా దాని ఊసే ఎత్తలేదు. సున్నా చేసిన మ్యూటెక్స్ కూడా సిద్ధమైన మ్యూటెక్స్ కాదు. అంతకంటే పెద్ద లోటు ప్యాడింగ్ (ఫీల్డుల నడుమ కంపైలర్ వదిలే ఖాళీ బైట్లు) విషయంలో కనిపించింది. 64 బిట్ల కెర్నల్‌లో రెప్ర్ సి (సి పద్ధతిలో అమర్చిన) స్ట్రక్ట్‌లో ఒక బైటు ఫీల్డు తరువాత 8 బైట్ల పూర్ణాంకమైన యు64 వస్తే నడుమ 7 బైట్లు ఖాళీగా మిగులుతాయి. ఫీల్డులన్నీ నింపినా ఆ బైట్లలో పాత కెర్నల్ సమాచారం ఉండి యూజర్‌స్పేస్‌కు, అంటే కెర్నల్ బయటి మామూలు ప్రోగ్రాములకు, పొక్కవచ్చు. యూజర్‌స్పేస్‌కు విలువను రాసేటప్పుడు అందులో విలువ పెట్టని బైట్లు లేవని హామీ ఇచ్చే యాజ్‌బైట్స్ ట్రెయిట్‌ను కెర్నల్ రస్ట్ అడిగేది ఇందుకే. భద్రత పేరిట జరిగే తరగతిలో దీనిని భోజన విరామానికి ముందు హడావుడిగా ముగించడం భావ్యం కాదు.

తప్పులు పట్టే పరికరాల భాగం ఓ మోస్తరు. రస్ట్ కోడ్‌ను నడిపి పరీక్షించే మిరిని చూపించారు గానీ, అది కెర్నల్ సి కోడ్‌ను నడపలేదన్న పరిమితిని స్పష్టం చేయలేదు. సి వైపు విలువ పెట్టని మెమరీ వాడకాన్ని పట్టడానికి పనికివచ్చే కేఎమ్‌శాన్‌ను పేరు చెప్పి వదిలేశారు.

సి కెర్నల్ అనుభవం ఉన్నవారికి రుసుము గిట్టుబాటవుతుంది. రస్ట్ ఓనమాలు అక్కడే దిద్దుకుందామనుకునేవారు మొదటి పూటకే వెనకబడిపోతారు. వెళ్ళేవారు కెర్నల్‌ను క్లాంగ్ అనే సి కంపైలర్‌తో, రస్ట్ ఆప్షన్ పెట్టి ఇంట్లోనే ఒకసారి బిల్డ్ చేసుకుని వెళ్ళడం మేలు, ఎందుకంటే అక్కడి వైఫైతో టూల్‌చెయిన్ (కంపైలర్ వగైరా) దించుకోవడానికే చాలాసేపు పడుతుంది.